రసకర్పూరము, సవ్వీరము: పేరు నమ్మి మోసపోవలదు

పామును గూర్చి రైతును హెచ్చరింపవలసిన పని లేదు. కనుపించినంతనే ఎవ్వరైనను తొలగిపోవుదురు. చూచుటకు ఉప్పువలెనో, పటికపొడివలెనో ఉండి, కాగితపు పొట్లములో ఇల్లు చేరి, అటుకపై ఏండ్ల తరబడి నిలిచియుండు విషమును గూర్చియే హెచ్చరిక కావలసియున్నది. అట్టివానిలో పాదరసమునుండి పుట్టిన రెండు తెల్లని లవణములు ముఖ్యములు. ఒకటి రసకర్పూరము, రెండవది సవ్వీరము. ఈ మాసము వీని గుణములను, వీనివలని అపాయములను, మన సభ్యులు తీసికొనవలసిన జాగ్రత్తలను వివరింప సంకల్పించితిమి.

ఇది పట్టణవాసుల సంగతి, మనకేల యని చదువరులు తలంపవలదు. ఈ జాతి విషములు రైతు ఇంటికి మూడు త్రోవలను వచ్చినవి. మొదటిది మందుల అంగడి, రెండవది విత్తనమునకు పట్టించు మందుడబ్బా, మూడవది ముఖమునకు పూసికొను లేపనము. మూడు త్రోవలయందును జనులను మోసగించినది ఒక్కటే: లోపలి వస్తువేదో తెలుపని పేరు.

రెండు తెల్లని పొడులు

లోహములు క్లోరిను, బ్రోమిను, అయొడిను, ఫ్లోరిను అను మూలకములతో కలిసినప్పుడు ఏర్పడు లవణములను శాస్త్రజ్ఞులు హాలైడులందురు. మనము నిత్యము తిను ఉప్పు అట్టిదే. సోడియమను లోహము క్లోరినుతో కలియగా ఉప్పు ఏర్పడును. ఆ క్లోరినే పాదరసముతో కలిసినచో రెండు విధములైన లవణములు కలుగును.

మొదటిది మెర్క్యురస్ క్లోరైడు. ఆంగ్ల వైద్యులు దీనిని కాలమెల్ అని పిలిచిరి. రెండవది మెర్క్యురిక్ క్లోరైడు. మన తెలుగు నిఘంటువులలో దీని పేరు సవ్వీరము. హైదరాబాదు హకీముల వాడుకలో దార్చిక్నా. కాలమెల్‌లో నూరుపాళ్లకు 85 పాళ్లు పాదరసమే. సవ్వీరములో 74 పాళ్లు మాత్రమే. లెక్క చూచినవారు పాదరసము హెచ్చుగా ఉన్నదే హెచ్చు విషమనుకొందురు. కాని సంగతి తలక్రిందులు. సవ్వీరమే ప్రాణాంతకము.

దీనికి కారణము నీరు. లీటరు నీటిలో సుమారు 70 గ్రాముల సవ్వీరము కరిగిపోవును; నీరు వేడిగా ఉన్నచో ఇంకను ఎన్నో రెట్లు కరగును. కాలమెల్ లీటరు నీటిలో ఇంచుమించు రెండు మిల్లీగ్రాములు కూడ కరుగుట కష్టము. కడుపులో చేరిన పదార్థము కరిగిననే గదా రక్తమున చేరుట. ఎరువు విషయమున ఇది మనకు తెలిసినదే. బస్తాలో ఎంత సారమున్నను నీట కరిగి వేరునకు అందినంతయే పైరునకు పనికివచ్చును. విషమునకును ఇదే న్యాయము. బరువు ఎంత యన్నది కాదు, ఒంటికి ఎంత అందినదన్నదే లెక్క.

సవ్వీరము తెల్లని స్ఫటికములుగా ఉండును. వాసన లేదు. సమాన పరిమాణముగల ఉప్పురాయికంటె రెండున్నర రెట్లు బరువు. కాచినచో సులువుగా ఆవిరియై, చల్లని చోట మరల తెల్లగా పేరుకొనును. కర్పూరమువలె ఇట్లు ఎగిరి పేరుకొనుటచేతనే ఈ జాతి లవణమునకు రసకర్పూరమను పేరు కలిగినది. హారతి కర్పూరముతో దీనికి ఇంకే సంబంధమును లేదు.

లోహములను సవ్వీరపు నీరు కొరికివేయును. రాగిపాత్రకు తగిలినచో క్రొత్తగా కళాయి పూసినట్లు తెల్లగా మెరయును. ఆ మెరుపు తగరముది కాదు, విడివడిన పాదరసముది. అల్యూమినియపు గిన్నెలో పోసినచో గిన్నెయే పాడైపోవును. అందుచేతనే పూర్వము దీనిని గాజు, పింగాణి, కఱ్ఱ పాత్రలలోనే కలిపెడివారు.

కాలమెల్ కూడ అమాయకమైన వస్తువు కాదు. వెలుతురు తగిలినచో అది మెల్లమెల్లగా విడిపోయి, కొంత పాదరసముగాను కొంత సవ్వీరముగాను మారును. ఏండ్ల తరబడి కిటికీ ప్రక్కన ఉన్న సీసాలోని పొడి కొన్ననాటి పొడి కాదని గ్రహింపవలెను.

పాతబస్తీ మందుల అంగడిలో

హైదరాబాదు నగరము 1591లో వెలసినది. కొలది సంవత్సరములకే మహమ్మద్ కులీ కుతుబ్ షా దారుష్షిఫా అను వైద్యశాలను కట్టించెను. అందు హకీములు యునానీ వైద్యము చేయుచు, శిష్యులకు నేర్పుచుండిరి. ఆ పేటకు నేటికిని ఆ పేరే నిలిచినది. చార్మినారు చెంతనున్న నిజామియా తిబ్బీ ఆసుపత్రియు ఆ సంప్రదాయమునకు చెందినదే. ఇట్లు నాలుగు వందల యేండ్లుగా పాతబస్తీలో మూలికలతో పాటు ఖనిజముల పేర్లును జనుల నోట ఆడుచున్నవి. పాదరసమును ‘పారా’ అనియు, ఇంగిలీకమును ‘షింగ్రఫ్’ అనియు, పాషాణమును ‘సమ్ముల్ ఫార్’ అనియు, మన రెండు లవణములను ‘రస్కపూర్’, ‘దార్చిక్నా’ అనియు అందురు.

ఆయుర్వేదమునందును రసకర్పూరము పాతదే. పదునారవ శతాబ్దపు భావప్రకాశమున, పరంగి రోగమునకు దీనిని చెప్పిరి. ఐరోపాలోను ఆ రోగమునకు పాదరసమునే వాడిరి. 1943లో పెన్సిలిన్ ఆ రోగమును కుదుర్చునని ఋజువైన తరువాత ఆ వాడుక తగ్గిపోయెను.

ఇచ్చటనే చిక్కు ఉన్నది. పాదరసమును ఉప్పు, పటిక మొదలగువానితో చేర్చి, కుండలో మూసి కాచి ఎగురగొట్టుట పూర్వపు పద్ధతి. పాళ్లలోని భేదమును బట్టియు, నిప్పు వాడిని బట్టియు ఆ కుండ మూతకు అంటునది కాలమెల్ కావచ్చును, సవ్వీరము కావచ్చును, రెండును కలిసియైనను ఉండవచ్చును. కన్ను రెంటిని వేరుపరుపజాలదు. ఇది చాలదన్నట్లు, కొన్ని గ్రంథములలో రసకర్పూరమనగా కాలమెల్. మరికొన్నింట ఆ పేరే సవ్వీరమునకు. కావున ఒక ఊరి వైద్యుడు చీటీపై వ్రాసిన పేరునకు మరియొక చోట కట్టి ఇచ్చిన పొట్లములో ఏమున్నదో పేరును బట్టి చెప్పుటకు వీలు లేదు.

రసాయనశాలలో వీనిని వేరుపరుచుట మిక్కిలి సులభము. అమోనియా నీరు తగిలించినచో కాలమెల్ నల్లబడును. సవ్వీరము తెల్లగానే ఉండును. సున్నపు తేటతో కాలమెల్ నలుపు, సవ్వీరము పసుపు చూపును. గ్రీకు భాషలో కాలమెల్ అను మాటయందు ‘నలుపు’ అను అర్థము ఇమిడియుండుట వింత. ఐనను ఈ పరీక్షలను ఇంటిలో చేయబోవద్దని మా మనవి. ఇవి చేయి తిరిగినవారు చేయవలసినవి.

చట్టము ఈ భేదమును గుర్తించినది. 1945 నాటి ఔషధ నియమములలో ఇ(1) అను అనుబంధము గలదు. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందులలో చేరు విషద్రవ్యముల పట్టిక అది. ఆయుర్వేదపు పట్టికలో రసకర్పూరము చేరియున్నది. యునానీ పట్టికలో రస్కపూర్, దార్చిక్నా రెండును వేరువేరుగా చేరియున్నవి. ఇట్టి ద్రవ్యము కలిసి, కడుపులోనికి పుచ్చుకొనుటకు తయారైన మందు డబ్బాపై, వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనను హెచ్చరికను ముద్రింపవలెనని నియమము. అయితే ఆ హెచ్చరికను ఆంగ్లమునను హిందీలోను ముద్రింపవలెనని మాత్రమే నియమము చెప్పుచున్నది. తెలుగు మాత్రమే చదువగల రైతునకు ఆ రెండు వరుసలును గీతలే. ఇక కాగితములో కట్టిన విడిపొడికి ఆ గీతలు కూడ ఉండవు.

మలక్‌పేట మార్కెటుకు ఉల్లియు మిరపయు తెచ్చు మన రైతులు, పని తీరిన పిదప మూసీ ఒడ్డుననే యున్న పాతబస్తీకి పోయి, ఊరిలో దొరకని సరకులు కొని తెచ్చుట కలదు. చర్మరోగమునకో, పాత పుండునకో ఎవరో చెప్పిన మందు పేరు నోట పెట్టుకొని పోవువారు వారిలో ఉందురు. మేము హకీములనుగాని వైద్యులనుగాని నిందించుటలేదు. శిక్షణ పొందిన వైద్యుడు ఎదుట చూచి ఇచ్చు మందు వేరు, విన్న పేరు చెప్పి కొని తెచ్చుకొను పొడి వేరు. ఈ రెండవది మానుకొనుడని చెప్పుచున్నాము.

దేహములో ఇది చేయు పని

1881లో జర్మను పండితుడు రాబర్టు కాఖ్, వేయి పాళ్ల నీటికి ఒక పాలు సవ్వీరము కలిపినను రోగక్రిములు చచ్చునని చూపెను. అటు పిమ్మట లోకమంతటను ఆసుపత్రులలో ఈ నీటిని చేతులు కడుగుకొనుటకును, పనిముట్లు శుభ్రపరచుటకును వాడిరి. 1896-97లో బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు ఇండ్ల గోడలపై చల్లిన మందునీళ్లలో ఇదియు నొకటి. క్రిమిని చంపు గుణమే మనుష్యుని చంపు గుణమైనది. పొరపాటున మ్రింగి చనిపోవువారు హెచ్చగుటచే, కొన్ని దేశములలో ఆ బిళ్లలకు నీలిరంగు వేసి, శవపేటిక ఆకారమున పోసి, పుఱ్ఱె గుర్తు అచ్చొత్తిరి. తెల్లదనమే ప్రమాదమని వారును తెలిసికొనిరి.

దీనిని మ్రింగినవారికి నోట లోహపు రుచి, గొంతు కడుపులలో మంట, వాంతులు, నెత్తురు విరేచనములు త్వరలోనే కలుగును. చిటికెడు పొడియే ప్రాణము తీయగలదు. మొదటి బాధ కొంత తగ్గగానే గండము గడచెనని బంధువులు తలంతురు. అసలు గండము అప్పుడే మొదలగును. రక్తమున చేరిన పాదరసము మూత్రపిండములలోని సన్నని గొట్టములను చంపివేయును. ఒకటి రెండు దినములలో మూత్రము తగ్గి, పూర్తిగా నిలిచిపోవచ్చును. చిగుళ్లు వాచి, లాలాజలము కారి, దంతములు కదలుట తరువాతి లక్షణములు. పుండ్లపై పూసినను చర్మము గుండ లోనికి పోవును. కొంచెము కొంచెముగా చాలకాలము ఒంటికి పట్టినవారికి చేతుల వణుకు, చిరాకు, నిద్రలేమి కలుగును.

కాలమెల్ బిడ్డలకు చేసిన కీడును కూడ చెప్పవలసియున్నది. ఇంగ్లండు, ఆస్ట్రేలియా మొదలగు దేశములలో పండ్లు వచ్చు పసివారికి ఇచ్చు పొడులలో కాలమెల్ కలిపెడివారు. కొందరు బిడ్డలకు చేతులు పాదములు ఎఱ్ఱబారి, వాచి, తోలు ఊడి, ఎడతెగని ఏడుపుతో కృశించు వ్యాధి కలుగుచుండెను. దాని కారణము ఎంతో కాలము ఎవరికిని తెలియలేదు. ఆ బిడ్డల మూత్రములో పాదరసము ఉన్నదని 1948లో ప్రకటించిరి. 1950 దశకమున ఆ పొడులలో కాలమెల్ మానివేయగా వ్యాధియు ఇంచుమించు అంతరించెను. తక్కువ విషమన్నది విషము కాదని అర్థము కాదు.

విత్తనపు మందుడబ్బా

ఇంతవరకు చెప్పినది మందుల అంగడి త్రోవ. రెండవ త్రోవ మన వృత్తిలోనిదే. క్రిములను చంపు గుణమును చూచి, విత్తనమునకు అంటు తెగుళ్లను అణచుటకు పాదరస లవణములను వాడిరి. మొదట సవ్వీరపు నీటిలో బంగాళాదుంప విత్తనమును నానబెట్టిరి. మొదటి ప్రపంచయుద్ధ కాలమునుండి పాదరసమును కర్బన పదార్థములతో చేర్చిన క్రొత్త మందులు వచ్చినవి. ఈథైల్ మెర్క్యురీ క్లోరైడు, మెథాక్సీ ఈథైల్ మెర్క్యురీ క్లోరైడు అట్టివి. ఇవియు పాదరసము, క్లోరిను కూడిన లవణములే. సెరెసాన్, అగ్రోసాన్, అగల్లాల్, అరెటాన్, ఎమిసాన్ అను పేర్లు పెద్దవయసు రైతులకు జ్ఞాపకముండును. పత్తి, జొన్న విత్తనములకు పొడి పట్టించుటయు, చెరకు ముచ్చెలను మందునీట ముంచి నాటుటయు ఒకప్పుడు వ్యవసాయశాఖవారు చెప్పిన పద్ధతులే. తెగులు తగ్గెననుటలో సందేహము లేదు.

ఈ కర్బన పాదరసపు కీడు మూత్రపిండములతో ఆగదు. ఇది మెదడును పట్టును. తిన్న వెంటనే ఏమియు తెలియదు, వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు గడచిన పిదప వ్రేళ్లు, పెదవులు తిమ్మిరెక్కును, నడక తడబడును, చూపు చుట్టునుండి కుంచించుకొనిపోవును, మాట, వినికిడి చెడును. గర్భిణి తిన్నచో కడుపులోని బిడ్డకు తల్లికంటె హెచ్చు కీడు.

దీనికి ఇరాకు దేశపు రైతులు ఇచ్చిన మూల్యమును ప్రతి సహకార సంఘమును తెలిసికొనవలెను. 1956లోను 1960లోను ఆ దేశమున మందు పట్టించిన విత్తనమును తిని అనేకులు బాధపడిరి. 1971లో మరల, కరవు తరువాత, ప్రభుత్వమువారు పెద్దమొత్తమున విత్తన గోధుమలను తెప్పించి రైతులకు పంచిరి. వానికి మిథైల్ పాదరసపు మందు పట్టించియుండిరి. విషమని తెలియుటకు ఎఱ్ఱరంగు కలిపిరి. కాని గోతాములపై హెచ్చరికలు స్పానిషు, ఆంగ్ల భాషలలో ఉండెను. కొన్ని చోట్ల విత్తనము వచ్చునప్పటికి విత్తుటకు అదను దాటిపోయెను. ఇంట ధాన్యము లేదు, ఎదుట గోధుమలున్నవి. జనులు వానిని కడిగిరి. రంగు పోయెను, రంగుతో విషమును పోయినదనుకొనిరి. కొందరు కోళ్లకు వేసి కొన్నాళ్లు చూచిరి, కోళ్లు చావలేదు. రొట్టెలు చేసికొని తినిరి. 6,530 మంది ఆసుపత్రులలో చేరిరి. వారిలో 459 మంది మరణించిరి. ఆసుపత్రి చేరకయే పోయినవారు ఈ లెక్కలో లేరు.

ఆ రైతులు మూఢులు కారు. మనమైనను అట్లే పరీక్షించెడివారము. మందు రంగు వేరు, మందు వేరు అని వారికి తెలిసిన భాషలో చెప్పినవారు లేరైరి. ఆలస్యముగా పనిచేయు విషమును కోడి నాలుగు దినములలో తెలుపజాలదు.

మన దేశములో ఈథైల్ మెర్క్యురీ క్లోరైడు, ఫినైల్ మెర్క్యురీ అసిటేటు నిషిద్ధములైనవి. మెథాక్సీ ఈథైల్ మెర్క్యురీ క్లోరైడును కొంతకాలము బంగాళాదుంప, చెరకు విత్తనములకు మాత్రము అనుమతించి, 2018 ఆగస్టులో దానిని కూడ నిషేధించిరి. జపానులోని మినమాట పట్టణమున కర్బన పాదరసము తిన్న చేపలవలన వచ్చిన మహావ్యాధి 1956లో బయటపడెను. ఆ పట్టణము పేరిటనే 2013లో దేశములు పాదరసముపై ఒడంబడిక చేసికొనినవి. భారతదేశము 2018 జూనులో దానిని ఆమోదించినది.

చట్టము అమ్మకమును ఆపినది. కాని పాత డబ్బాలను మాయము చేయలేదు. ఇతర పురుగుమందులు కాలము గడచినకొలది కొంత విడిపోయి బలము తగ్గును. పాదరసము మూలకము. దానికి కాలము తీరుట యన్నది లేదు. నలుబది యేండ్ల క్రిందటి డబ్బాలోని పాదరసము నేటికిని అంతయే ఉండును. సంఘపు పాత గిడ్డంగి మూలలలోను, మూసిన గానుగ పాకలలోను పేరు చెరిగిన డబ్బాలు ఉన్నవేమో వెదకి చూడవలెనని మేము సభ్యులను కోరుటకు ఇదియే కారణము.

ముఖమునకు పూయు తెలుపు

మూడవ త్రోవ ఇటీవలిది. పాదరస లవణములు చర్మములోని నల్లదనము ఏర్పడుటను అడ్డగించును. అందుచేత తెల్లబరచు లేపనములలో కాలమెల్‌ను, సవ్వీరమునుండి చేయు అమోనియేటెడ్ మెర్క్యురీని, సబ్బులలో మెర్క్యురిక్ అయొడైడును కలుపువారున్నారు. మన దేశపు నియమముల ప్రకారము సౌందర్యద్రవ్యములలో పాదరసమును కలుపరాదు. ఐనను తయారించినవారి చిరునామా లేని డబ్బాలు చాటుగా అమ్ముడగుచునే యున్నవి. 2023లో కేరళములోని మలప్పురము జిల్లా వైద్యులు ఒక విధమైన మూత్రపిండ వ్యాధితో వచ్చిన పలువురిలో ఇట్టి లేపనముల వాడుకను గుర్తించిరి. ముఖమునకు పూసినది మూత్రపిండమును చెరచుట వింతగా తోచవచ్చును. చర్మము గుండ పాదరసము లోనికి పోవునని పైన చెప్పియే యున్నాము. పెండ్లి బజారులకు పట్నము పోవు మన ఇంటి ఆడపడుచులకు ఈ సంగతి చెప్పుడు. తయారీదారు పేరు, చిరునామా, అనుమతి సంఖ్య, కూర్పు వివరము లేని డబ్బాను వారము దినములలో తెల్లబరచునని ఎవరు చెప్పినను కొనవలదు.

సభ్యులు చేయవలసినవి

1. మందు పట్టించిన విత్తనము ఏదియైనను, ఏ మందైనను, తినుటకుగాని పశువులకు, కోళ్లకు పెట్టుటకుగాని పనికిరాదు. కడిగినను, ఎండబెట్టినను, రంగు పోయినను పనికిరాదు. మిగిలిన విత్తనమును తిండిగింజల గాదెకు దూరముగా, తాళమువేసి ఉంచవలెను. ఆ గోతాములలో ధాన్యము పోయరాదు.

2. సంఘపు గిడ్డంగిలో పేరు తెలియని పాత డబ్బా కనుపించినచో మూత తీయరాదు, వాసన చూడరాదు, నిప్పులో వేయరాదు, పాతిపెట్టరాదు, చెఱువులోగాని బావిలోగాని పారవేయరాదు. నిప్పులో వేసినచో పాదరసపు ఆవిరి పుట్టును. నేలలో పాతినచో నీటిలో దిగును. దానిని మరియొక గట్టి డబ్బాలో నుంచి, తెలుగులో పెద్ద అక్షరములతో ‘విషము, ముట్టరాదు’ అని వ్రాసి, వ్యవసాయాధికారికిని కాలుష్య నియంత్రణ మండలికిని వ్రాతమూలముగా తెలుపవలెను. ఇట్టి ప్రమాదకర వ్యర్థములను చేర్చుటకు హైదరాబాదు చెంత దుండిగల్లులో ప్రత్యేక స్థలము గలదు.

3. పొడి నేలపై చిందినచో చీపురుతో ఊడ్వరాదు. దుమ్ము లేచి ఊపిరిలో చేరును. చేతికి తొడుగు వేసికొని, తడిగుడ్డతో ఎత్తి, గుడ్డతో సహా మూతగల సీసాలో ఉంచవలెను. లోహపు పాత్రను వాడరాదు.

4. విత్తనశుద్ధిని మానవలదు; పద్ధతిని మార్చుకొనుడు. ట్రైకోడెర్మా వంటి మేలుచేయు శిలీంధ్రములు, చెరకు ముచ్చెలకు వేడినీటి శుద్ధి నేడు వాడుకలోనున్నవి. ఏ పంటకు ఏది, ఎంత యన్నది వ్యవసాయాధికారిని అడిగి చేయుడు.

5. పురుగుమందుల నియమముల ప్రకారము డబ్బాపై హిందీ, ఆంగ్లములతో పాటు ప్రాంతీయభాషయందును వివరములుండవలెను. తెలుగు లేని డబ్బాను సంఘము కొనరాదు, అమ్మరాదు. పుఱ్ఱె గుర్తును, ఎఱ్ఱ త్రికోణమును చదువు రానివారికి కూడ చూపి చెప్పవలెను.

6. ఎవరైనను ఇట్టి పొడిని మ్రింగినచో వేలు పెట్టిగాని ఉప్పునీరు త్రాగించిగాని వాంతి చేయింపరాదు; కాలిన గొంతు మరల కాలును. నోరు కడిగించి, వెంటనే 108 బండిని పిలిచి, పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. కంటబడినచో పావుగంట సేపు మంచినీటితో కడుగవలెను. ఒంటిపై పడినచో బట్టలు విప్పి సబ్బుతో కడుగవలెను. పొట్లమునుగాని డబ్బానుగాని తప్పక వెంట తీసికొనిపోవలెను.

ఈ చివరి మాటను మరల నొక్కి చెప్పుచున్నాము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు యుద్ధపు విషవాయువునకు విరుగుడుగా కనిపెట్టిన డైమెర్‌క్యాప్రాల్ అను మందు సవ్వీరమునకును పనిచేయును. అందులోని గంధకము పాదరసమును పట్టుకొని మూత్రముతో బయటికి తెచ్చును. ఎంత త్వరగా ఇచ్చిన అంత మేలు. కాని కర్బన పాదరసమునకు ఆ మందు తగదు. దానికి వేరు మందులు. కావున మ్రింగినది ఏదో వైద్యునికి తెలియుటయే సగము వైద్యము. పాత పుస్తకములు గ్రుడ్డులోని తెల్లసొనను, పాలను విరుగుడుగా చెప్పినవి. వానికై వెదకుచు బండి ఎక్కుట ఆలస్యము చేయరాదు. మొదటి వాంతులు తగ్గెనని రోగిని ఇంటికి తీసికొనిపోరాదు. మూత్రపిండముల సంగతి తేలువరకు ఆసుపత్రిలోనే ఉండవలెను.

మరియొక మాట. పంట పోయి, అప్పు పెరిగి, మనస్సు కుంగియున్న ఇంట ఏ విషమును ఉండరాదు. అట్టివారిని ఒంటరిగా విడువక, సంఘ కార్యదర్శికి తెలుపుడు. 14416 సంఖ్యకు ఫోను చేసినచో మనోవైద్య సహాయము ఉచితముగా లభించును. అప్పునకు గడువు పెంచవచ్చును. సంఘము పుట్టినది అందుకొరకే.

పై చెప్పినదంతయు ఒక చిన్న నియమములో ఇమిడియున్నది. పేరు విని ఏ పొడిని ఇంటికి తేవలదు. తెలిసిన భాషలో వివరము వ్రాసియున్న వస్తువునే కొనుడు. ఈ వ్యాసమును రాబోవు సర్వసభ్య సమావేశమున చదివి వినిపింపవలెననియు, గిడ్డంగి తనిఖీకి ఇద్దరు సభ్యులను నియమించి ఫలితమును చిట్టాలో వ్రాయింపవలెననియు ప్రతి సంఘపు కార్యదర్శిని కోరుచున్నాము. దొరికిన డబ్బాల లెక్కను మాకు తెలిపినచో, ఇతర సంఘములవారికి ఉపయోగపడునట్లు ఈ పుటలలోనే ప్రకటింపగలము.